తాళం ఎవరి చేతిలో ఉండాలి?



గత నెల మన సారపాక మందిరంలో క్వయిర్ పిల్లలు కీబోర్డును, రిథమ్ ప్యాడ్‌ను మిడి కేబుళ్లతో ఇంటర్‌ఫేస్‌కు కలిపి, దాన్ని ల్యాప్‌టాప్‌కు పెట్టారు. శనివారం ప్రాక్టీసులో గంటసేపు ఉలుకూ పలుకూ లేదు. చూస్తే అవుట్‌ను అవుట్‌కే కలిపారు. మిడిలో ఒకదాని అవుట్ రెండోదాని ఇన్‌కు వెళ్లాలి. ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి. ఇద్దరూ చెప్పేవారే అయితే అది మన కమిటీ మీటింగే.

ఈ తీగలో పాట పోదని చాలామందికి తెలియదు. పోయేది సూచన మాత్రమే: ఏ స్వరం, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు. ఒక్కో స్వరానికి 0 నుండి 127 లోపు ఒక అంకె. 1983లో అమెరికాలో డేవ్ స్మిత్, జపానులో ఇకుతారో కకెహాషి వంటివారి పూనికతో పోటీ కంపెనీల వాయిద్యాలు ఒకే భాష మాట్లాడటం మొదలుపెట్టాయి. పోటీ వ్యాపారులు ఒక మాట మీదికి రాగలిగారు. ఒకే బైబిలు పట్టుకున్న మన సంఘాల సంగతి మరోసారి రాస్తాము.

కాబట్టి మేము కేబుళ్లకు వ్యతిరేకం కాదు. కానుకల డబ్బుతో కొనడానికి ఒప్పుకున్నదీ మేమే. మా అభ్యంతరం క్లాకు మీద. ప్యాడ్ పంపే మిడి క్లాకు ఒక్కో బీటుకు 24 సార్లు టిక్కుమంటుంది, దానికి కలిపిన యంత్రాలు ఆ లెక్కనే నడుస్తాయి. యంత్రాలు నడుస్తాయి సరే, పేపర్ మిల్లులో నైట్ షిఫ్ట్ దిగి నేరుగా ఆరాధనకు వచ్చిన సహోదరుడు నడవగలడా? చరణం మధ్యలో ఊపిరి కోసం ఆగే అవ్వ నడవగలదా? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. ఆ తాళాన్ని మన పెద్దలు చేత్తో వేసేవారు. సంఘం ఆగినచోట తామూ ఆగేవారు.

గత ఆదివారం రెండో చరణానికే వెనక వరుసలు పాడటం మానేశాయి. ప్యాడ్ మాత్రం ఆగలేదు.

అంతకంటే మమ్మల్ని బాధించేది మరొకటి. ఏళ్ల తరబడి డోలక్ వాయించిన మన పెద్దాయన ప్యాడ్ వచ్చినప్పటి నుండి వెనక బెంచీలో కూర్చుంటున్నారు. ఆయన్ను ఎవరూ లేవమనలేదు, రమ్మనీ పిలవలేదు. ఆ తప్పు మాది.

రెండవ దినవృత్తాంతములు 5వ అధ్యాయం చూడండి. 120 మంది యాజకులు బూరలు ఊదుతుండగా గాయకులు వారితో ఏకమై స్తుతించారు, మందిరం మేఘముతో నిండింది. అంతమంది ఒకటైంది ఒకరినొకరు విన్నందువల్లనే అని మా నమ్మకం.

పిల్లలు నొచ్చుకోనక్కర లేదు. క్లాకు పంపడం ఆపినా స్వరాలు అదే తీగలో పోతాయి. సెట్టింగులో ఒక్క మార్పు చాలు, కేబుళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. వచ్చే ఆదివారం మొదటి కీర్తనకు ప్యాడ్ ఆపి ఉంచమన్నాము. డోలక్ బిగించి తెమ్మని పెద్దాయనకు కబురు పంపాము. వస్తానని ఇంకా అనలేదు.