పద్యమునకు లెక్క పగయా?

కవిత్వమునకు, శాస్త్రమునకు పొత్తు లేదని కొన్ని పద్యములు చెప్పుచుండును. మేమంగీకరింపజాలము. అట్లు చెప్పు పద్యమే గణములను లెక్కించి నడచుచున్నది గదా! ఆటవెలది మొదటి పాదమున మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు ఉండవలెను. పాదాద్యక్షరమునకు నాల్గవ గణపు మొదటి యక్షరముతో యతి కుదురవలెను. కందమునకు ప్రాస నియతము. శతకమున మకుటము మరల మరల వచ్చి పద్యమును నాలుకపై నిలుపును. 11వ శతాబ్దమున పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితశాస్త్రమునే తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

కాల్హేర్ మరమగ్గముల నడుమ పెరుగు మన బిడ్డలు బడిలో లెక్కలను మరాఠీలోనో, ఇంగ్లీషులోనో నేర్తురు, నేర్వవలసినదే. కాని ఇంట వారమునకొక తెలుగు పద్యమైనను కంఠస్థము చేయింపుడు. పోగుల లెక్క తప్పిన బట్ట చెడును. గణముల లెక్క తప్పిన పద్యమును అంతే. ఈ సంగతి నేతగాని బిడ్డకు వేరుగ చెప్పవలెనా?