మద్దెల నిజంగానే ఓడైతే?

“ఆడలేక మద్దెల ఓడు” అనే సామెత అంటే మనకి భలే ఇష్టం. పరీక్ష తప్పినవాడు పేపరు కష్టమన్నా, ఆట ఓడినవాడు బంతి బాగులేదన్నా ఈ ఒక్క సామెతతో నోరు మూయించేస్తాం. కాని మద్దెల నిజంగానే ఓడైతే ఏం చెయ్యాలో ఈ సామెత చెప్పదు. మన కాలేజీల్లో విలువిద్య ఆ స్థితిలో ఉందని నా అభిప్రాయం. గురి తప్పితే కుర్రాణ్ణి తిడతాం, బాణాన్ని పరీక్షించం.

నాది మాడుగుల. హల్వా పేరు చెబితే ఎవరైనా గుర్తుపట్టే ఊరు. మొన్నటిదాకా విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. మా ఊరు దాటి ఘాటీ ఎక్కితే పాడేరు. అది ఇప్పుడు అల్లూరి సీతారామరాజు పేరుతో ఏర్పడ్డ జిల్లాకి కేంద్రం. 1922లో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకున్న ఆ వీరుడి విగ్రహం చేతిలో విల్లు లేకుండా మనకి కనబడదు. అందుకేనేమో, ఏజన్సీ కుర్రాడంటే చాలు, విలువిద్య పుట్టుకతోనే వచ్చేస్తుందని మైదానం వాళ్ళం అనేసుకుంటాం.

కొన్నేళ్ళ కిందట ఒక కాలేజీలో జట్టు ఎంపికలు చూశాను. ఘాటీ మీది నుంచి వచ్చిన ఒక కుర్రాడికి కొనలు ముందుకి తిరిగిన రికర్వ్ విల్లు ఇచ్చారు. పొదిలో బాణాలు చూద్దును గదా, కొన్ని చెక్కవి, కొన్ని అల్యూమినియంవి, పొడుగువీ పొట్టివీ కలగలుపు. వేసినవన్నీ ఎడమకే పోయాయి. “ఏజన్సీవాడివి, నీకూ గురి లేదేమిట్రా?” అని నవ్వి పేరు కొట్టేశారు. మెచ్చుకోలుగా మొదలైన మాట వెక్కిరింతగా తేలింది. అతను తన ఊళ్ళో పట్టింది వెదురు విల్లు. దానికి ఏ పుల్ల సరిపోతుందో ఏరుకుని, ఎండబెట్టి, నిప్పు సెగ మీద వంకర తీసుకోవడం అక్కడి పెద్దలకి తెలుసు. ఇక్కడ ఏరుకునే హక్కు అతనికి ఎవరిచ్చారు?

ఇందులో భౌతికశాస్త్రం ఉంది. వేళ్ళతో నారి వదిలినప్పుడు అది వేళ్ళ మీది నుంచి కాస్త పక్కకి జారుతుంది. ఆ తోపుకి బాణం విల్లులా వంగి, విల్లు బద్దని చుట్టుకుపోయినట్టు దాటి, ఊగుతూ ఊగుతూ చక్కబడుతుంది. 1930లలో అమెరికాలో హిక్‌మన్ వేగంగా తీసిన ఫిల్ముల్లో ఇది కళ్ళకి కట్టింది. కుడిచేతి వాటం వాడు వేసిన బాణం మరీ బిరుసైతే తగినంత వంగదు, ఎడమకి పోతుంది. మరీ మెత్తనైతే అతిగా వంగి కుడికి పోతుంది. ఈ బిరుసునే స్పైన్ అంటారు. ఎంత మంచి కన్నున్నా ఏం లాభం, ఒకటి బిరుసూ ఒకటి మెత్తనా అయితే రెండూ ఒకచోట పడవు.

మరి కొలిచేదెట్లా? చెక్క బాణాన్ని 26 అంగుళాల ఎడంగా రెండు ఆనికల మీద పెట్టి మధ్యలో రెండు పౌన్ల బరువు వేలాడదీయాలి. ఎన్ని అంగుళాలు వంగిందో చూసి 26ని దాంతో భాగించాలి. అర అంగుళం వంగితే 52, అంటే సుమారు 52 పౌన్ల విల్లుకి తగినదని లెక్క. మన బి.యస్సీ. విద్యార్థులు యంగ్ గుణకం కోసం స్కేలు వంచి ట్రావెలింగ్ మైక్రోస్కోపుతో చూసే ప్రయోగం ఇదే కదా! స్కేలు తీసి బాణం పెట్టడానికి గ్రాంటు అక్కర్లేదు.

విల్లు మీద రాసిన అంకె నమ్మితే చాలదు. 40 పౌన్లు అని ఉంటే అది 28 అంగుళాలు లాగినప్పటి మాట. పొట్టి చేతులవాడు 25 అంగుళాలే లాగుతాడు. అంగుళానికి రమారమి రెండు పౌన్లు తగ్గుతాయి గనక అతని చేతిలో అది 34 పౌన్ల విల్లు. కాబట్టి ముందు మనిషి లాగుడు కొలవాలి, తర్వాతే బాణం ఏరాలి.

ఆపైన సవరణ. ఒకే రకం బాణాల్లో మూడు ఈకలున్నవీ, ఒకటి ఈకలు లేనిదీ పదిహేను ఇరవై మీటర్ల నుంచి వేసి చూడాలి. ఈకలు తప్పుని సర్దేస్తాయి, బోడి బాణం దాచదు. అది గుంపుకి ఎడమన పడితే బిరుసు, ములికి బరువు పెంచాలి. కుడిన పడితే మెత్తన, ములికి తేలిక చెయ్యాలి, లేదా బాణాన్ని కొద్దికొద్దిగా కొయ్యాలి. కోసింది మళ్ళీ అతకదు సుమా! పగులు కనబడిన బాణాన్ని మాత్రం విరిచి పారెయ్యాలి, అది విల్లులోనే విరిగి చేతిలో దిగుతుంది.

“గొప్ప విలుకాడికి ఏ బాణమైనా ఒకటే” అంటారు కొందరు. అలాగైతే పెద్ద పోటీలకి వెళ్ళేవాళ్ళు బాణాలు అంత జాగ్రత్తగా జత చూసుకోవడం ఎందుకు? మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీములో నాలుగో స్థానం దాకా వెళ్ళింది ఈ రికర్వ్ విల్లుతోనే. రాజస్థాన్ గిరిజన బిడ్డ లింబా రామ్ 1988, 1992, 1996లలో మూడు ఒలింపిక్స్ ఆడాడు. అడవి బిడ్డ కనక దానంతటదే వస్తుందని వదిలేసి ఉంటే అతని పేరు మనకి తెలిసేదే కాదు.

విద్యార్థి సంఘానికి నా మనవి ఒక్కటే. కొత్త విల్లు కొనే ముందు ఉన్న బాణాలన్నిటికీ నంబర్లు వేసి, ఫిజిక్సు లేబొరేటరీలో తూచి, వంచి, జతలు చెయ్యండి. కలగలుపు డజను కంటే జత కుదిరిన నాలుగు మేలు. క్రీడల సర్టిఫికెట్టు మీద సీటో, కొలువో ఆధారపడ్డ కుర్రాళ్ళున్నారు. ఇది సరదా సంగతి కాదు. అన్నీ సరిచూసి ఇచ్చాక కూడా గురి తప్పితే, అప్పుడు తీరిగ్గా సామెత చెప్పుకుందాం.