చిన్న నమూనా - పెద్ద చరిత్ర

అమెరికాలో పాతకాలపు గూడ్సు పెట్టెలను 87వ వంతు పరిమాణంలో నమూనాలుగా మలచే అభిరుచి చాలామందికి ఉంది. 40 అడుగుల పెట్టె అందులో 14 సెంటీమీటర్లకు ఒదుగుతుంది. ఇంత చిన్న వస్తువులో ప్రతి వివరమూ యథాతథంగా ఉండాలనడం చాదస్తమని కొందరి ఆక్షేపణ.

ఆ ఆక్షేపణ సమంజసం కాదు. పెట్టె పైకప్పు మీది సన్నని నడకబాటనే పరిశీలిద్దాం. గాలిబ్రేకులు లేని రోజులలో కార్మికులు కదిలే రైలుపై, వానలోనూ మంచులోనూ ఆ బాట వెంట నడిచి, చేతిచక్రాలు తిప్పి బ్రేకులు వేసేవారు. కాలుజారి ప్రాణాలు కోల్పోయినవారెందరో! 1893 నాటి చట్టం గాలిబ్రేకులను తప్పనిసరి చేసింది. బాట మాత్రం 1966 తరువాత గాని కొత్త పెట్టెల నుండి తొలగలేదు.

1890 నాటి నమూనాలో ఆ బాటను విస్మరిస్తే ఆ శ్రమజీవుల జ్ఞాపకమే చెరిగిపోతుంది. కనుక నమూనాకారుని నిశితదృష్టి చరిత్రకు చేసే సేవయే.