జారు నేలపై పందెము

పల్నాటి సీమలో పుట్టి పెరిగినవారికి ఎడ్ల బండలాగుడు పందెమనగా నేమో చెప్పనక్కఱలేదు. సంక్రాంతికిని, ఉగాదికిని, శివరాత్రి తిరునాళ్ళకును నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతములలోని గ్రామములందు ఈ పందెములు జరుగుచుండును. ఒంగోలు జాతి ఎడ్లజతను కాడికి గట్టి, దానికి తగిలించిన పెద్ద బండను నిర్ణీతమైన కాలములో ఏ జత యెన్ని యడుగులు లాగునో కొలిచి బహుమతు లిత్తురు. పండ్లనుబట్టి వయస్సు నిర్ణయించి, పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని ఎడ్లను తరగతులుగా విభజింతురు. మన విద్యార్థులలో కొందఱు పరీక్ష తేదీలను మఱచినను ఈ పందెముల తేదీలను మఱువరు. అందులకు మేము వారిని నిందింపము. నిగనిగలాడు మేనితో, ఎత్తైన మూపురముతో, రెండు ఎడ్లు తలలు వంచి ఒక్కుమ్మడిగా బలముపట్టి బండను కదలించు దృశ్యము ఎట్టివారికైనను ఉత్సాహము గలిగించును. తాను తినుటకు ముందు ఎద్దుకు ఉలవలు పెట్టి పెంచిన రైతు, ఆ దినమున పదిమందిలో తలయెత్తుకొని నిలుచును. అది జూదరి యాశ కాదు, సేద్యగాని గర్వము.

అయినను ఈ సంచికలో మేమొక ప్రశ్నను చదువరుల యెదుట నుంచ దలచితిమి. నేల తడిసి జారుచున్నప్పుడు పందెము నడుపవచ్చునా? నడుపరాదని మా యభిప్రాయము. అంతేకాదు, నడుపుటయా మానుటయా యను నిర్ణయమును ఎడ్ల యజమానికి విడిచిపెట్టక, పందెము జరిపించు పెద్దలే ముందుగా చేయవలెనని మా వాదము.

మన నేల స్వభావమును ముందు తలచుకొందము. మన పొలములలో చాలవఱకు నల్లరేగడి. అది యెండినప్పుడు నెఱ్ఱెలు విచ్చును. తడిసినప్పుడు నీరు పీల్చి ఉబ్బి, పైన వెన్నవలె జిగురెక్కును. చెప్పులతో దానిపై నడచిన వాడెవడును ఆ జారుడును మఱువడు. మాచర్ల వైపు నాపరాయి పఱచిన తావులు మఱియొక విధముగా ప్రమాదకరములు; సన్నని చినుకు పడినను అవి నున్ననై కాలు నిలువనీయవు. పైకి ఆఱినట్లు కనుపించిన రేగడి లోపల మెత్తగానే యుండవచ్చును. కావున ఉదయపు టెండ చూచి మైదానము సిద్ధమైనదనుకొనుట పొరపాటు.

ఇట్టి నేలపై బరువు లాగు ఎద్దునకు ఏమి జరుగును? బండను ముందుకు గదలించు బలము ఎద్దు మెడనుండి పుట్టినది కాదు. వెనుక కాళ్ళు నేలను వెనుకకు త్రోయుటవలన పుట్టినది. నేల పట్టు ఈయనిచో ఆ బలము బండకు చేరక కాలినే వెనుకకో ప్రక్కకో లాగివేయును. వెనుక కాళ్ళు రెండును విడివడి ప్రక్కలకు జారినప్పుడు తొడల లోపలి కండలు తెగును. ఒక్కొక్కప్పుడు తుంటి కీలు తప్పును. అయిదాఱు వందల కిలోగ్రాముల పశువు అట్లు కూలిన పిమ్మట తనంతట తాను లేచుట కష్టము. లేచినను మునుపటి యెద్దు కాదు. నాడాలు కొట్టించితిమి గదా యని కొందఱందురు. ఎద్దు గిట్ట చీలి యుండుటచేత ఒక్కొక్క కాలికి రెండేసి బిళ్ళలు వేయుదురు. అవి గిట్ట అరిగిపోకుండ కాపాడునే గాని, జిగురు మట్టి నిండిన నున్నని యినుము తడి రేగడిలో పట్టు నీయదు.

ఈ మాటలు మేము పుస్తకములో చదివి మాత్రమే వ్రాయుటలేదు. ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని పనిలో చేరిన క్రొత్తలో, గురజాల వైపు ఒక గ్రామమున పందెము చూడబోయితిమి. ముందటి రాత్రి వాన కురిసినది. ఉదయమున పెద్దలు మైదానమునకు వచ్చి, నేలను కాలితో తట్టి చూచి, పైన కొంత ఇసుక చల్లించి, పందెమునకు సెలవిచ్చిరి. మొదటి మూడు జతలు బాగుగనే లాగెను. బండ రాపిడికి ఇసుక చెదరి లోపలి తడి పైకి వచ్చెను. నాలుగవ జత మా విద్యార్థి యొకని తండ్రిది. ఆయన కాడి గట్టక ముందు నేలవంక చాలసేపు చూచుట మేము కన్నులార చూచితిమి. ఎవడో వెనుకనుండి, "ఏమి మామా, భయమా?" అని కేక వేసెను. జనము నవ్వెను. ఆయన కాడి గట్టెను. రెండవ మలుపు యొద్ద వలపటి యెద్దు వెనుక కాళ్ళు విడివడి కూలెను. దాని అఱపు ఇప్పటికిని మా చెవులలో నున్నది. ఆయన తల గుడ్డ విప్పి దాని కన్నులపై కప్పి, మెడపై చేయి వేసికొని బురదలోనే కూర్చుండెను. ఆ యెద్దు మఱి నాగలి మోయలేదు.

సోమవారము నాడు ఆ బాలుడు బడికి వచ్చి, తరగతి ముగిసిన పిదప మా బల్ల యొద్ద నిలిచి, "మాస్టరుగారూ, మీరును అక్కడ నుంటిరి గదా, వద్దని ఒక్క మాట చెప్పియుండరాదా?" అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. జనము నవ్వినప్పుడు మేము నవ్వలేదు, నిజమే. కాని నోరు విప్పలేదు. మొదటి మూడు జతలు లాగినప్పుడు చప్పట్లు కొట్టినవారిలో మేమును ఉంటిమి. ఈ వ్యాసము ఆ బాలునికి ఆలస్యముగా చెప్పుచున్న బదులని చదువరులు తలంతురు గాక.

ఈ చిక్కు మన సీమకే పరిమితమైనది కాదు. గుఱ్ఱపు స్వారీలో ఈవెంటింగు అను పోటీ యొకటి గలదు. సైనికుల గుఱ్ఱములను పరీక్షించుటకై పుట్టిన యీ పోటీలో మూడు భాగములు. మొదటిది గుఱ్ఱము రౌతు మాటను విని నెమ్మదిగా, చక్కగా అడుగులు వేయుట. రెండవది పొలములు, మిట్టలు, నీటి మడుగులు దాటుచు కదలని అడ్డంకుల మీదుగా దూకి పరుగెత్తుట. మూడవది మైదానములో కొయ్యలను పడగొట్టక దూకుట. 1912 లో స్టాక్‌హోము నగరపు ఒలింపిక్ క్రీడలలో ఇది మొదటిసారి చేరెను. 1982 లో ఢిల్లీ ఏషియా క్రీడలలో మన సైనికుడు రఘువీర్ సింగు ఇందే బంగారు పతకము గెలిచెను. 2018 లో జకార్తాలో ఫవాద్ మీర్జా వెండి పతకము తెచ్చెను. ఈ పోటీలో రౌతులు మిక్కిలి భయపడునది ఎత్తైన అడ్డంకికి కాదు, తడిసిన నేలకు.

1936 లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలందు జరిగినది చూడుడు. పరుగులో నాలుగవ అడ్డంకి యొక నీటి మడుగు. అచ్చట అనేకములైన గుఱ్ఱములు కూలెను. జర్మను రౌతు వాంగెన్‌హైము అను నాతడు పడి కంటె యెముక విఱిగినను మరల గుఱ్ఱమెక్కి పరుగు ముగించెను. మఱునాడు కట్టు కట్టిన చేతితోనే దూకుడు పోటీలో పాల్గొని, మరల పడి, మరల లేచి, తన దేశమునకు బంగారు పతకము గూర్చెను. లోకము ఆతని ధైర్యమును నేటికిని కొనియాడుచున్నది, కొనియాడదగినదే. కాని ఆ యేటి పోటీలో మూడు గుఱ్ఱములు ప్రాణములు గోల్పోయెనను మాట ఎందఱు చెప్పుదురు? మనుష్యుడు తన యెముకను తాను పణముగా పెట్టెను. గుఱ్ఱములను ఎవరడిగిరి?

అయినను ఆ పోటీ నడుపువారు కాలక్రమమున నేర్చుకొనిరి. నేడు ఆ పోటీలలో నేల స్థితిని పరీక్షించి, పరుగును తగ్గించుటకో, నిలుపుటకో న్యాయాధికారుల సంఘమునకు అధికారము గలదు. పశువైద్యుని యెదుట గుఱ్ఱమును నడిపించి, కుంటినచో దానిని తొలగింతురు. ఇంగ్లండులోని బాడ్మింటను పోటీ 1949 నుండి జరుగుచున్న గొప్ప పోటీ. ఐనను 2012 లో నేల నీట నానినదని దానిని పూర్తిగ మానివేసిరి. రౌతులును గుఱ్ఱపు నాడాలకు నేలనుబట్టి చిన్నవియు పెద్దవియునగు మేకుల వంటి మరలను బిగింతురు. కాని పట్టు మితిమీరినచో గిట్ట నేలలో హఠాత్తుగ నాటుకొని కాలి నరములకు దెబ్బ తగులునని యెఱిగి, వానిని మితముగనే వాడుదురు. ఉపకరణము ఎంతటిదైనను చెడిన నేలను మంచి నేల చేయజాలదని వారి యనుభవము.

ఇక మన మాటకు వత్తము. "తడి నేలయని తోచినవాడు కాడి విప్పుకొని పోవచ్చును గదా, ఎవరు నిర్బంధించిరి?" అని కొందఱడుగుదురు. ఈ ప్రశ్న న్యాయముగ కనుపించును గాని న్యాయము కాదు. మనది పౌరుషమునకు పేరుపొందిన సీమ. మొదట కాడి విప్పినవానిని ఊరు నవ్వును. ఆ నవ్వును వాని బిడ్డలు బడిలో వినవలసివచ్చును. అందఱును విప్పినచో ఎవ్వరికిని సిగ్గులేదు. ఒక్కడు విప్పినచో వానికే సిగ్గు. ఇట్టి స్థితిలో ఒక్కొక్కని వివేకమునకు విడిచిపెట్టుట యనగా పశువును జనుల నవ్వునకు విడిచిపెట్టుటయే. అందుచేతనే నిర్ణయము పెద్దలది కావలెనని మే మనుచున్నాము.

పంతము పశువుల మీద పెట్టిన ఫలమేమో పల్నాటికి వేఱుగ చెప్పవలెనా? బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ కోడిపందెమాడి, ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడువవలెనని ఒడ్డిన కథ మన వీధిభాగవతులలోను, వీరగాథలలోను వినుచునే పెరిగితిమి. రెండు కోళ్ళ కాళ్ళకు కట్టిన పంతము తుదకు కారెంపూడి రణరంగమున ఎందఱి యిండ్లలోని దీపముల నార్పెనో యెఱుగుదుము. ఆ వీరులను మనము గౌరవింతుము. వారి పంతమును అనుకరింప నవసరము లేదు.

తడి నేలపై పందెము న్యాయమైన పందెము కూడ కాదు. మొదటి జతకు దొఱకిన నేల పదవ జతకు దొఱకదు. ముందు లాగినవి నేలను చిదిమిపోవును. లేదా మధ్యాహ్నపు టెండకు ఆఱి వెనుకటివారికి మేలగును. అప్పుడు కొలచునది ఎడ్ల బలమును గాదు, చీటిలో వచ్చిన వరుసను. బలము గల జత చీటివలన ఓడినచో ఆ బహుమతికి విలువ యేమి?

"తిరునాళ్ళ దినము మార్చుట యెట్లు? దూరమునుండి లారీలలో ఎడ్లను తెచ్చినవారి ఖర్చు ఎవరిత్తురు?" అనునది బలమైన ఆక్షేపణ, దానిని తేలికగ త్రోసివేయము. దీనికి మాకు తోచిన మార్గములు ఇవి. పందెము ప్రకటించునప్పుడే వానకు బదులుగా మఱియొక దినము ప్రకటింపవలెను. మైదానమును చుట్టుప్రక్కల నేలకన్న కొంత యెత్తుచేసి, ఎఱ్ఱగరప పోసి, నీరు పోవుటకు కాలువ తీయవలెను. చీట్లు తీయకముందే, ఎడ్లు లేనివారైన ఇద్దఱు పెద్దలును ఒక పశువైద్యుడును నేలను త్రవ్వి చూచి తీర్పు చెప్పవలెను; త్రవ్వక కాలితో తట్టి చూచుట చాలదు. పందెము నడుమ నేల చెడినచో నిలుపు అధికారము వారికే యుండవలెను. పందెము మానిన దినమున వచ్చిన జతలన్నిటికిని దారిఖర్చు బహుమతి సొమ్ములోనుండి పంచవలెను. ఇందులో ఏదియు అసాధ్యము గాదు; పందిళ్ళకును, మైకులకును వ్యయపడుదానిలో కొంత భాగము చాలును.

పందెములను మొత్తముగ నిషేధింపవలెనని మేము వ్రాయుటలేదు. 1960 నాటి చట్టము పశువును కొట్టుటను, శక్తికి మించి తోలుటను, మించిన బరువు వేయుటను నేరముగ చెప్పుచున్నది. ఎద్దుల క్రీడలపై సుప్రీం కోర్టు 2014 లో ఒక విధముగను, రాష్ట్రములు చట్టములను సవరించుకొనిన పిమ్మట 2023 లో మఱియొక విధముగను తీర్పు చెప్పెను. ఆ వాదములు న్యాయవాదులు చేయుదురు గాక. ట్రాక్టరు వచ్చిన యీ దినములలో ఒంగోలు జాతి ఎద్దును ప్రేమించి పెంచువాడు పందెముల కొఱకై పెంచుచున్నాడని మే మెఱుగుదుము. ఆ ప్రేమ నిజమైనదైనచో, తడి నేలపై దాని కాళ్ళను కాపాడుటయే దానికి మొదటి సాక్ష్యము.

విద్యార్థులారా, రేపు మీలో కొందఱు ఎడ్ల యజమానులగుదురు. కొందఱు పందెము నడుపు పెద్దలగుదురు. తక్కినవారు గట్టున నిలిచి చూచువారగుదురు. మొదటి ఇద్దఱికి చెప్పవలసినది చెప్పితిమి. గట్టున నిలిచినవారికి ఒక్క మాట. ఒక రైతు నేలవంక చూచి వెనుదీయుచున్నప్పుడు మీరు నవ్వకుడు. ఎవడైన నవ్వినచో, ఊరకుండకుడు. మేము ఆ దినమున ఊరకుంటిమి.