శక్తిది మౌనం కాదు

సంపాదకులకు,

గత సంచికలో 'శక్తి' సంగీత బృందం 'దిస్ మొమెంట్' ఆల్బమ్ మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కాని '45 ఏళ్ల మౌనం వీడింది' అన్న మాట ఒప్పుకోలేను. 1977 నాటి 'నేచురల్ ఎలిమెంట్స్' తర్వాత 2023 దాకా వాళ్ల స్టూడియో ఆల్బమ్ రాలేదు, నిజమే. కాని 1997 నుంచి అదే బృందంలోని జాన్ మెక్‌లాగ్లిన్, జాకిర్ హుస్సేన్ 'రిమెంబర్ శక్తి' పేరుతో దేశదేశాలూ తిరిగి కచేరీలు చేశారు గదా! ఆ కచేరీల రికార్డులూ వచ్చాయి.

అంతకన్నా పెద్ద లోపం, 'రిమెంబర్ శక్తి'లో వాయించిన, మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఊసే ఆ వ్యాసంలో లేకపోవడం. ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికిస్తూ మెక్‌లాగ్లిన్ గిటారుకు దీటుగా నిలబడ్డ మనిషి. 2014లో 45 ఏళ్లకే పోయాడు. కొత్త ఆల్బమ్‌లో మొదటి రచన 'శ్రీనీస్ డ్రీమ్' ఆయనకు నివాళే. ఆ ఆల్బమ్‌కు వచ్చిన గ్రామీ అవార్డు గురించి పేరా నిండా రాసినవారికి ఈ ఒక్క వాక్యానికి చోటు దొరకలేదా?

ఇంకొకటి. ఇలాంటి సంగీతం నగరాల వాళ్లకే ఎక్కుతుందన్నారు. మా డుంబ్రిగుడ వైపు థింసా నాట్యం ఆడేచోట మోరి ఊదేవాళ్లూ తుడుము కొట్టేవాళ్లూ ఒకరినొకరు చూసుకుంటూ నడక మారుస్తారు. అది వింటూ పెరిగిన చెవికి జాకిర్ తబలా, అదే బృందంలోని సెల్వగణేశ్ కంజీరల సవాల్ జవాబులు పరాయివి కావు.

జాకిర్ కూడా 2024 డిసెంబరులో వెళ్లిపోయారు. వచ్చే సంచికల్లోనైనా శ్రీనివాస్ మీద ఒక పూర్తి వ్యాసం వేయండి.

– ఒక పాఠకుడు, డుంబ్రిగుడ, అల్లూరి సీతారామరాజు జిల్లా