చెరువు గట్టున గుడారం వేసే ముందు

పోయిన వారం ఓపీ దాదాపు అయిపోయే వేళకు ఇంద్రేశం నుంచి రిటైరైన దంపతులు వచ్చారు. బీపీ మందులు రాయించుకోవడం పేరుకే. అసలు పని ఫోన్‌లో ఫోటోలు చూపించడం. డాలస్‌లో కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చారట. అక్కడికి ఉత్తరాన టెక్సోమా సరస్సు ఒడ్డున ఐసెన్‌హోవర్ స్టేట్ పార్కు ఉంది. అందులో ఒక ఆర్వీ బండిలో రెండు రాత్రులు గడిపారు. మంచాలు, పొయ్యి, బాత్రూం అన్నీ బండిలోనే. "సంక్రాంతికి కొడుకు, కోడలు, మనవళ్లు వస్తున్నారు సార్. ఇక్కడ కూడా అట్లనే చెరువు కాడ గుడారం వేసుకుని ఉండాలని పిల్లల పట్టు. సింగూరు పోదామా, కోట్‌పల్లి పోదామా, లక్నవరమా?" అని పెద్దాయన అడిగారు.

పోవద్దని నేను అనలేదు. మా పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతంలో షిఫ్టు డ్యూటీలు చేసే తండ్రులూ, ఫోన్లకు అతుక్కుపోయిన పిల్లలూ రెండు రోజులు ఆకాశం కింద గడిపితే నా ఓపీలో నిద్ర మాత్రలు అడిగేవాళ్లు కొంతైనా తగ్గుతారు. కానీ ఆ ఫోటోల్లో కనబడని సంగతి ఒకటుంది. అలాంటి పార్కులో బండి నిలిపే చోటికే మంచినీళ్ల కుళాయి, కరెంటు వస్తాయి. మురుగు ఖాళీ చేసేందుకు వేరే చోటుంటుంది. ఈతకు కాపలా ఎవరూ లేరన్న మాట దాచకుండా చెబుతారు. పదమూడేళ్లలోపు పిల్లలు చిన్న పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ తొడగాల్సిందేనని టెక్సస్ చట్టం. మనం అక్కడి సరదాను తెచ్చుకుంటున్నాం, ఆ ఏర్పాట్లను తెచ్చుకోవడం లేదు.

రెండేళ్ల కిందటి అక్టోబరు సంగతి చెబుతాను. మందుల కంపెనీలో పనిచేసే ఇరవై ఆరేళ్ల కుర్రాడు స్నేహితులతో ఒక జలాశయం ఒడ్డుకు వెళ్లాడు. గుడారంలో ఉక్కగా ఉందని బయట చాప పరుచుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి కడుపునొప్పి, వాంతి. రాత్రి తిన్న బిర్యానీ పడలేదనుకుని గ్యాస్ మాత్ర ఇచ్చారు. ఆరింటికి కనురెప్పలు వాలిపోతుంటే నిద్ర మత్తు అనుకున్నారు. మాట ముద్దగా వస్తుంటే రాత్రి తాగింది దిగలేదని నవ్వుకున్నారు కూడా. తొమ్మిదింటికి మా దగ్గరికి తెచ్చేసరికి అతను సొంతంగా ఊపిరి తీసుకోలేకపోతున్నాడు. ఒంటి మీద ఎక్కడ వెతికినా కాటు గుర్తు కనబడలేదు.

అది కట్లపాము కాటు. ఈ పాము తిరిగేది రాత్రిపూట. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. కాటు నొప్పి ఉండదు, వాపు రాదు, చాలాసార్లు గుర్తు కూడా మిగలదు. విషం నరాల చివరలను దెబ్బతీస్తుంది. ముందు కనురెప్పలు, తర్వాత గొంతు, ఆ తర్వాత ఊపిరి కండరాలు ఒక్కొక్కటిగా పడిపోతాయి. అలా పడిపోయాక విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చినా వెంటనే తిరిగి రావు, రోజుల తరబడి వెంటిలేటర్ కావాలి. ఆ కుర్రాడికి గొట్టం వేసి, విరుగుడు ఎక్కించి, అంబు బ్యాగుతో ఊపిరి అందిస్తూ హైదరాబాద్‌కు పంపాం. బతికాడు. గ్యాస్ మాత్ర ఇచ్చిన వేళకే బయల్దేరి ఉంటే అంత దూరం వచ్చేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే ఆ పెద్దాయనకు నేను చెప్పిన మొదటి మాట, నేల మీద పడుకోవద్దని. మడత మంచం, దాని మీద దోమతెర, ఆ తెర అంచులు పరుపు కిందకు దోపడం. ఇంతకన్నా చవకైన పాము విరుగుడు లేదు. చీకట్లో అడుగు బయట పెడితే టార్చి, బూట్లు తప్పనిసరి. ఆ బూట్లనూ తొడిగే ముందు దులపాలి. ఆరుబయట నిద్రపోయినవాళ్లకు తెల్లారేసరికి కారణం తెలియని కడుపునొప్పి, వాలిన రెప్పలు, మింగలేకపోవడం ఉంటే గుర్తు దొరికినా దొరకకపోయినా పాముకాటనే అనుకుని 108కు ఫోన్ చేయండి. గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏవీ వద్దు. కాటు పడిన కాలు కదలకుండా ఉంచితే చాలు. మన దగ్గర వాడే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. కాబట్టి పామును చంపి సంచిలో వేసుకుని మా క్యాజువాలిటీకి తేనక్కర్లేదు. దయచేసి తేకండి.

ఇక నీళ్లు. 2025 జనవరిలో కొండపోచమ్మసాగర్‌లో ఐదుగురు యువకులు మునిగిపోయిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన జలాశయాలకు స్విమ్మింగ్ పూల్‌లా మెల్లగా దిగే మెట్లుండవు. గట్టు దగ్గర మోకాళ్ల లోతే, ఇంకో రెండడుగులు వేస్తే నిలువు లోతు. అడుగున బురద. ఒకరు జారితే కాపాడబోయిన ఇద్దరూ పోతారు. నీళ్లలోకి దూకకుండా తాడో, చీరో, ఖాళీ క్యానో విసరాలి. మంజీరా అభయారణ్యం వైపు నీళ్లలో మొసళ్లున్నాయి. అక్కడ ఈత ముచ్చటే వద్దు.

మునిగినవాళ్లను బయటికి తీయగానే మనవాళ్లు చేసేది పొట్ట నొక్కడం, లేదంటే తలకిందులుగా పట్టుకుని తిప్పడం. రెండూ తప్పే. పొట్టలో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు వృథా అవుతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోటితో రెండుసార్లు ఊపిరి ఊదండి. మునిగినవాడికి ముందు కావలసింది గాలి. తర్వాత ఛాతీ మధ్యలో ముప్పైసార్లు నొక్కండి. నిమిషానికి వంద నుంచి నూటఇరవై చొప్పున, పెద్దవాళ్లకు కనీసం ఐదు సెంటీమీటర్ల లోతు. మళ్లీ రెండు ఊపిరులు. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. దగ్గి లేచి కూర్చున్నా ఇంటికి తీసుకుపోకండి, కొన్ని గంటలు ఆస్పత్రిలో చూడాల్సిందే.

చలికి బొగ్గుల కుంపటిని గుడారంలోకి తెచ్చుకోవడం కూడా ప్రాణాంతకమే. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది.

తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకు ఒక్క మాట చెప్పడం మరవద్దు: "పొదల్లో కూర్చున్నాం, గడ్డిలో పడుకున్నాం" అని. వానల తర్వాత, చలికాలంలో కనబడే స్క్రబ్ టైఫస్ పొదల్లోని అతి చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. చంకలోనో, గజ్జల్లోనో, నడుము దగ్గరో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ చూసుకోరు. డెంగీ అనుకుని ప్లేట్‌లెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే కిడ్నీ, ఊపిరితిత్తుల దాకా పోతుంది. సకాలంలో గుర్తిస్తే చవకైన డాక్సీసైక్లిన్‌తో రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది.

ఇంత చెప్పాక పెద్దాయన ఒకటే అడిగారు. "అంత దూరం ఎందుకు సార్, మన దగ్గరే ఇన్ని చెరువులున్నాయి కదా?" ఆ ప్రశ్నకు నా దగ్గర మందు లేదు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. గండిగూడెం చెరువులో చచ్చి తేలిన చేపల వార్తలు చదువుతూనే ఉన్నాం. అమీన్‌పూర్ పెద్దచెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. పక్షులు వస్తాయి, చూసి రావచ్చు. పిల్లల్ని ఆ నీళ్లలో దించమని మాత్రం చెప్పలేను. ఇంటి ముందు చెరువు ఉండి కూడా నీటి కోసం రెండు వందల కిలోమీటర్లు పోవాల్సి రావడాన్ని టూరిజం అంటున్నాం.

కనీసం టికెట్టు తీసుకునే జలాశయాల దగ్గరైనా ప్రభుత్వం కొన్ని పనులు చేయాలి. పిల్లల సైజుతో సహా లైఫ్ జాకెట్లు, గట్టున తాడు, ట్యూబు, సీపీఆర్ నేర్చిన మనిషి ఉండాలి. రాత్రిపూట పాము విరుగుడు ఏ ఆస్పత్రిలో దొరుకుతుందో గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయాలి. గత డిసెంబరులో మేమూ ఒక చోట పడవ ఎక్కాం. మా చిన్నదానికి ఇచ్చిన జాకెట్ క్లిప్పు విరిగి ఉంది. వేరేది అడిగితే "ఏం కాదు సార్, ఐదు నిమిషాలే కదా" అన్నాడు పడవ నడిపే అబ్బాయి. దిగిపోయాం. పిల్ల ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు.

నిన్న పెద్దాయన ఫోన్ చేశారు. మడత మంచాలు, దోమతెరలు కొన్నారట. ఆరేళ్ల మనవడి సైజు లైఫ్ జాకెట్ మాత్రం పటాన్‌చెరులో ఎక్కడా దొరకలేదట. వచ్చేటప్పుడు అక్కడి నుంచే తెమ్మని కొడుక్కి చెప్పారు.