మీటరు ఎవరి పేర?

ఉస్మానియా విశ్వవిద్యాలయపు క్వార్టర్సులలోను, తార్నాక సొంతయిండ్లలోను సోదరీమణులు మమ్మడుగుచున్నది ఒక్కటే: మిద్దెపై సౌరఫలకములు పెట్టించినచో సర్కారు ఎంత యిచ్చును? 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కింటికి 30,000 రూపాయలు, మూడవదానికి 18,000, వెరసి 78,000. అంతకు మించి బిగించినను సహాయము పెరుగదు; అదియు పని ముగిసిన పిదపనే బ్యాంకులో పడును. క్వార్టర్సువారికి ఇది వర్తింపదు. ఇల్లు స్వంతము కావలెను.

అయితే సొమ్ముకంటె ముందుగా చూడుడని మేము చెప్పునది కరెంటు బిల్లుమీది పేరు. దరఖాస్తు ఆ సర్వీసు నంబరుతోనే సాగును. కీర్తిశేషులైన మామగారి పేరనే మీటరు నడచుచున్న యిండ్లెన్ని లేవు! మొదట విద్యుత్సంస్థలో పేరు మార్పించుకొని, పిదప పథకమున నమోదు కావలెను. ఇల్లు ఇల్లాలి ఆస్తియైనచో ఆమె పేరే యేల వ్రాయింపరాదు?

పగలు మిగిలిన విద్యుత్తు వీధితీగలకు పోవును. నెట్ మీటరు దానిని లెక్కించి బిల్లులో తగ్గించును. వీధిలో కరెంటు పోయినపుడు మాత్రము, బ్యాటరీ లేని యీ యేర్పాటును ఆగిపోవును. స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణము కాపాడుటకే అట్లు చేసిరి. కావున నడినెత్తిన ఎండ యున్నది గదా యని, కరెంటు రాకముందే గ్రైండరులో పప్పు పోయకుడు.